గాబా పెరిగితే మూర్ఛ తగ్గాలి కదా? ఎలుకల మెదడులో చోటు, వయసు, లింగం మార్చే లెక్క

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. ఒకే బ్యాచ్‌లో వచ్చిన విస్టార్ జాతి ఎలుకలకు ఒకే రోజున, మూర్ఛ తెప్పించే మందు పెంటిలీన్‌టెట్రజోల్ (పిటిజెడ్) కిలో బరువుకు 60 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చినా కొన్ని కాళ్లు చాచి బిగుసుకుపోయాయని, కొన్ని రెండు మూడు సార్లు ఉలిక్కిపడి ఊరుకున్నాయని, ఈ తేడా ఎందుకని అడిగారు. గాబా మెదడులో న్యూరాన్లను అణచే నిరోధక రసాయనమే అయితే, దాని పనిని అనుకరించే మసిమాల్‌ను సబ్‌స్టాన్షియా నైగ్రా వెనుక భాగంలో పెట్టినప్పుడు మూర్ఛ మరింత తేలికగా వచ్చిందని చదివానని, అది ఎలా సాధ్యమని కూడా అడిగారు. రెండో ప్రశ్నకు జవాబు తెలిస్తే మొదటిదానికి దారి దొరుకుతుంది కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

మూర్ఛ రావడం వేరు, మూర్ఛవ్యాధి ఉండటం వేరు. తగినంత కరెంటు గానీ తగినంత మందు గానీ ఇస్తే పూర్తి ఆరోగ్యంతో ఉన్న ఏ ఎలుకకైనా మూర్ఛ తెప్పించవచ్చు. ఎంత ఇస్తే వస్తుందన్నదే త్రెషోల్డ్. పిటిజెడ్‌తో మీరు అంచనా వేస్తున్నది దాన్నే. ఆ త్రెషోల్డ్‌ను పైకీ కిందికీ జరిపే మెదడు వ్యవస్థల్లో చాలావాటికి మూర్ఛను స్వయంగా పుట్టించే శక్తి లేదు. మూర్ఛ ఒకచోట పుడుతుంది, అది పాకాలా వద్దా అన్నది మరోచోట తేలుతుంది. గాబాను ‘నిరోధకం’ అని పాఠ్యపుస్తకం చెప్పేది ఒక్క సినాప్సు వరకే నిజం. ఆ సినాప్సు ఏ న్యూరాన్ నోరు నొక్కుతోంది, ఆ న్యూరాన్ అంతకుముందు ఎవరి నోరు నొక్కి ఉంచింది అన్నదాన్ని బట్టి మొత్తం మెదడు స్థాయిలో ఫలితం తిరగబడవచ్చు.

1970ల చివరికే మెదడులో గాబా పెంచితే మూర్ఛ తగ్గుతుందని అందరికీ తెలుసు. ఎక్కడ పెరిగితే తగ్గుతుందన్నదే తేలలేదు. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో కేరెన్ గేల్, మైకేల్ ఇయడరోలా ఈ ప్రశ్నను పట్టుకున్నారు. గాబాను విచ్ఛిన్నం చేసే ఎంజైమును అడ్డుకునే మందును, ఇప్పుడు మనం విగాబాట్రిన్ అంటున్నదాన్ని, ఎలుకలకు ఇచ్చి చూశారు. మెదడులో మొత్తం గాబా కొద్ది గంటల్లోనే బాగా పెరిగింది కానీ, విద్యుత్ షాక్ మూర్ఛ నుంచి రక్షణ దానితో పాటు రాలేదు. నాడీతంతువుల కొసల్లో, అంటే విడుదలకు సిద్ధంగా ఉండే నిల్వలో, గాబా పెరిగిన మేరకే ఆలస్యంగా రక్షణ వచ్చింది. 1980లో ప్రచురించిన ఈ ఫలితంతో ‘ఎంత గాబా’ అన్న ప్రశ్న పక్కకు జరిగి ‘ఏ కొసల్లో గాబా’ అన్నది ముందుకు వచ్చింది. 1982లో వాళ్లు నేరుగా మెదడులోని వేర్వేరు చోట్ల సన్నని గొట్టాలు దించి, చుక్కలో చిన్న భాగమంత మందు పెట్టి పరీక్షించారు. మధ్యమెదడు అడుగున ఉన్న సబ్‌స్టాన్షియా నైగ్రాలో రెండువైపులా మసిమాల్ పెట్టినప్పుడు విద్యుత్ షాక్ వల్ల వెనుక కాళ్లు బిగుసుకుపోవడం ఆగిపోయింది. పిటిజెడ్, బైకుకులిన్ తెప్పించే మూర్ఛలు కూడా ఆగాయి. ముందు మెదడులోనూ వెనుక మెదడులోనూ వాళ్లు ప్రయత్నించిన ఇతర స్థానాల్లో గాబా పెంచినా ఈ రక్షణ రాలేదు.

నైగ్రా పేరు వినగానే మనకు డోపమిన్, పార్కిన్సన్ వ్యాధి గుర్తుకొస్తాయి. ఇక్కడ పని చేసేది ఆ డోపమిన్ కణాలుండే పార్స్ కంపాక్టా కాదు, దాన్ని ఆనుకునే ఉన్న పార్స్ రెటిక్యులేటా. అందులోని న్యూరాన్లు స్వయంగా గాబా విడుదల చేసేవే. ఎవరూ ప్రేరేపించకపోయినా సెకనుకు పదుల సార్లు స్పందిస్తూ, మధ్యమెదడు పైభాగంలోని సుపీరియర్ కాలిక్యులస్‌నూ, థాలమస్‌లో కొన్ని కేంద్రకాలనూ, మెదడు కాండంలోని పెడంక్యులోపాంటైన్ కేంద్రకాన్నీ నిరంతరం అణచి ఉంచుతాయి. కాలువ తూముకు తలుపు దించి పట్టుకున్న లస్కరు చేయి కట్టేస్తే నీరు పారుతుంది తప్ప ఆగదు. మసిమాల్‌తో నైగ్రా న్యూరాన్లను నొక్కినప్పుడు అదే జరిగి, వాటి అదుపు నుంచి బయటపడిన సుపీరియర్ కాలిక్యులస్ లోతు పొరలు చురుకుగా మారతాయి. మూర్ఛకు అడ్డు నిలిచేది ఆ చురుకుదనమే. నిరోధకాన్ని నిరోధిస్తే ఉత్తేజం వస్తుందని, ఆ ఉత్తేజం మూర్ఛను పెంచకుండా తగ్గిస్తుందని ఒకసారి జీర్ణించుకుంటే మిగతాదంతా తేలికవుతుంది.

ఈ లెక్క సరైనదే అయితే, కాలిక్యులస్ లోతు పొరల్లో నేరుగా గాబాను అడ్డుకున్నా రక్షణే రావాలి. వచ్చింది కూడా. గాబా గ్రాహకాన్ని మూసేసే బైకుకులిన్ ప్రయోగశాలల్లో మూర్ఛ తెప్పించడానికి వాడే మందు. నైగ్రా నుంచి వచ్చే తంతువులు చేరే చోట, కాలిక్యులస్ లోతు పొరల్లో, దాన్నే పెట్టినప్పుడు ఎలుకలకు మూర్ఛ నుంచి రక్షణ లభించిందని డీన్, గేల్ 1989లో చూపించారు. అదే బైకుకులిన్‌ను పిరిఫార్మ్ వల్కలం ముందు భాగపు లోతులో, పికోమోల్ స్థాయి మోతాదులో, ఒకవైపే పెట్టినా ముఖంలో మొదలై ముందు కాళ్లకు పాకే మూర్ఛ వచ్చింది. పిరెడ్డా, గేల్ 1985లో ‘నేచర్’ పత్రికలో వర్ణించిన ఆ చిన్న ప్రాంతానికే తర్వాత ఏరియా టెంపెస్టాస్ అన్న పేరు స్థిరపడింది. ఇక కాలిక్యులస్‌లోనే కింది జత, అంటే శబ్దాన్ని అందుకునే ఇన్ఫీరియర్ కాలిక్యులస్‌లో, మామూలు ఎలుకకు ఆ మందు పెట్టి గట్టిగా గంట మోగిస్తే అంతకుముందు ఎన్నడూ శబ్దానికి మూర్ఛ రాని ఎలుక పిచ్చిగా పరుగెత్తి పడిపోతుంది. ఒకే అణువు, ఒకే గ్రాహకం, ఒకే మెదడులోని వేర్వేరు చోట్లు; ఒకచోట మూర్ఛ పుట్టింది, ఒకచోట శబ్దానికి లోనయ్యే గుణం వచ్చింది, ఒకచోట మూర్ఛ ఆగింది. ‘గాబాను పెంచే మందు కాబట్టి మూర్ఛ తగ్గింది’ అని సిద్ధాంత వ్యాసంలో ఒక్క వాక్యంతో సరిపెట్టేవారిని నేను ఎప్పుడూ ఇక్కడే ఆపుతాను.

ఇప్పుడు మీరు చదివిన ఆ వెనుక భాగం సంగతి. న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ వైద్య కళాశాలలో సాలమన్ మోషే, యానా వెలిష్కోవా, అరిస్టియా గలనొపూలూ ఏళ్ల తరబడి చేసిన పని ఇది. వాళ్లు ఫ్లూరోథిల్ ఆవిరిని నెమ్మదిగా వదులుతూ, ఎంత ఆవిరికి మూర్ఛ వచ్చిందో కొలిచేవారు. ఎదిగిన మగ ఎలుకల్లో నైగ్రా పార్స్ రెటిక్యులేటా ముందు భాగంలో మసిమాల్ పెడితే త్రెషోల్డ్ పెరిగింది, వెనుక భాగంలో పెడితే తగ్గింది. పుట్టి పదిహేను రోజులైన మగ పిల్లల్లో ముందూ వెనుకా తేడా లేకుండా రెండుచోట్లా తగ్గింది. ఆడ ఎలుకల్లో వెనుక భాగపు ఆ దుష్ఫలితం కనిపించలేదు. పుట్టిన వెంటనే వృషణాలు తీసేసిన మగ ఎలుకలు పెరిగాక, ఈ ఒక్క విషయంలో ఆడ ఎలుకల్లాగే ప్రవర్తించాయి. అంటే పుట్టిన తొలి రోజుల్లో రక్తంలో తిరిగే టెస్టోస్టెరాన్, నెలల తర్వాత మూర్ఛను నియంత్రించబోయే ఒక కేంద్రం ఎలా రూపుదిద్దుకోవాలో ముందే నిర్ణయిస్తోంది.

పిల్లల్లో ఫలితం తిరగబడటానికి ఒక కారణం కణంలోని క్లోరైడ్ మోతాదు. గాబా-ఎ గ్రాహకం అంటే క్లోరైడ్ అయాన్లకు తెరుచుకునే రంధ్రమే. క్లోరైడ్ ఏ వైపుకు పారుతుందన్నది లోపలా బయటా దాని సాంద్రతను బట్టి ఉంటుంది. ఎదిగిన న్యూరాన్‌లో కెసిసి2 అనే వాహక ప్రోటీన్ క్లోరైడ్‌ను బయటకు తోసేస్తూ ఉంటుంది కాబట్టి, రంధ్రం తెరిస్తే క్లోరైడ్ లోపలికి వచ్చి కణం అణగిపోతుంది. లేత న్యూరాన్‌లో కెసిసి2 తక్కువ, క్లోరైడ్‌ను లోపలికి తెచ్చే ఎన్‌కెసిసి1 పైచేయి. అక్కడ రంధ్రం తెరిస్తే క్లోరైడ్ బయటకు పోయి కణం ఉత్తేజం వైపు జరుగుతుంది. నైగ్రాలో ఈ మార్పు ఆడ పిల్లల్లో ముందుగా, మగ పిల్లల్లో ఆలస్యంగా జరుగుతుందని, రెండు వారాల వయసులో మగ పిల్లల నైగ్రా న్యూరాన్లకు గాబా ఇంకా ఉత్తేజకంగానే ఉంటుందని, అదే వయసు ఆడ పిల్లల్లో కెసిసి2 ఎక్కువగా ఉంటుందని ఐన్‌స్టైన్ బృందం 2003లో చూపించింది.

దీనితో అంతా తేలిపోయిందనుకోకండి. ఎదిగిన మగ ఎలుక నైగ్రా వెనుక భాగంలో గాబా మామూలుగానే అణచివేస్తుంది కాబట్టి, అక్కడి దుష్ఫలితానికి క్లోరైడ్ కథ సరిపోదు. ముందు భాగంలోనూ వెనుక భాగంలోనూ గ్రాహకపు ఉపభాగాల కూర్పు ఒకేలా ఉండదు, వాటి తంతువులు చేరే గమ్యాలూ వేరు; ఆ తేడాలతోనే దాన్ని అర్థం చేసుకోవాలి. చాలా సమీక్షా వ్యాసాలు ఈ రెండు కారణాలను కలిపేసి చెబుతాయి, మీరు కలపవద్దు. క్లోరైడ్ కథను పట్టుకుని ఆసుపత్రికి వెళ్లిన ప్రయత్నం ఒకటి జరిగింది కూడా: ఎన్‌కెసిసి1ను అడ్డుకునే బ్యుమెటనైడ్ లేత ఎలుకల్లో మూర్ఛలను తగ్గించింది కాబట్టి, యూరప్‌లో నవజాత శిశువులపై నెమో అనే పరీక్ష చేశారు. ఆశించిన ఫలితం కనిపించక, కొందరు శిశువుల వినికిడి దెబ్బతినడంతో దాన్ని మధ్యలోనే ఆపేశారు. ఫలితాలు 2015లో వెలువడ్డాయి. బ్యుమెటనైడ్ రక్తం నుంచి మెదడులోకి చాలా తక్కువగా చేరుతుందన్న చిక్కు కూడా అందులో ఉంది.

ఇక మీ మొదటి ప్రశ్న. మెదడును తప్పుపట్టే ముందు సూదిని అనుమానించాలి. పొట్టలోకి ఇచ్చే ఇంజెక్షన్‌లో కొంత భాగం పేగులోకో కొవ్వులోకో పోవడం అనుభవజ్ఞుల చేతుల్లో కూడా జరుగుతుంది, అలా పోయిన ఎలుకే ‘నిరోధక శక్తి గల ఎలుక’గా మీ పట్టికలో నమోదవుతుంది. అది తీసేసినా తేడా మిగులుతుంది, ఎందుకంటే 60 మిల్లీగ్రాములు విస్టార్ ఎలుకల్లో త్రెషోల్డ్‌కు దగ్గరగా ఉండే మోతాదు. అంచున నిలబెట్టిన గుంపులో చిన్న జీవసంబంధమైన తేడా కూడా పెద్ద ప్రవర్తనా తేడాగా కనిపిస్తుంది.

మీరు చూసిన రెండు రకాల స్పందనలు ఒకే మూర్ఛకు ఎక్కువ, తక్కువ రూపాలు కావు. మెదడులో వేర్వేరు అంతస్తుల నుంచి వచ్చినవి. తర్వాతి బ్యాచ్‌ను దగ్గర నుంచి గమనించండి. మొదట చెవులు అదురుతాయి, మీసాలు కదులుతాయి, తర్వాత ఒళ్లంతా ఒక్కసారి ఎగిరిపడినట్టు ఉలిక్కిపడుతుంది. ఆపైన ఎలుక వెనుక కాళ్ల మీద కూర్చుని ముందు కాళ్లను, దవడను టకటకా ఆడిస్తే అది ముందు మెదడు పని. అలా కాకుండా హఠాత్తుగా పరుగెత్తి, పక్కకు పడి, ముందు కాళ్లు తర్వాత వెనుక కాళ్లు తోక వైపుకు చాచి కొయ్యబారితే అది మెదడు కాండం పని. కాలిక్యులస్‌కు కాస్త ముందుగా మెదడును అడ్డంగా కోసి, ముందు మెదడును వేరు చేసినా ఎలుకల్లో ఆ బిగుసుకుపోవడం నిలిచే ఉంటుందని రోనాల్డ్ బ్రౌనింగ్ 1980ల్లో చూపించాడు. అందుకే ఒక మందు ముఖం, ముందు కాళ్ల మూర్ఛను ఆపి బిగుసుకుపోవడాన్ని ఆపలేకపోవచ్చు, దీనికి తారుమారుగానూ జరగవచ్చు. రసీన్ 1972లో ఇచ్చిన ఐదు మెట్ల కొలతను మన కళాశాలల్లో పిటిజెడ్‌కు గుడ్డిగా వాడుతున్నారు. అది ఎమిగ్డాలా కిండ్లింగ్ (ముందు మెదడులోని ఎమిగ్డాలాకు చిన్న విద్యుత్ ప్రేరణను పదే పదే ఇచ్చి మూర్ఛను క్రమంగా బలపరచడం) కోసం, ముందు మెదడు నుంచి పాకే మూర్ఛ కోసం తయారైన కొలత. అందులో మెదడు కాండపు బిగుసుకుపోవడానికి చోటే లేదు. పిటిజెడ్‌కు సవరించిన కొలతలు ఉన్నాయి, వాటిలో ఒకదాన్ని ఎంచుకుని, ఏది వాడారో రాయండి. ఇంకా మంచిది, ఒక్కొక్క ఘట్టం ఎన్ని సెకన్లకు మొదలైందో విడివిడిగా నమోదు చేయండి.

మెదడు కాండం ఒక్కటే ఎంత చేయగలదో చూడాలంటే డిబిఎ/2 జాతి చిట్టెలుకలను చూడాలి. మూడు వారాల వయసులో ఉన్న పిల్లను గాజు పాత్రలో ఉంచి గట్టిగా గంట మోగిస్తే కొన్ని సెకన్లు నిశ్చలంగా ఉండి, తర్వాత గోడల వెంట గిరగిరా పరుగెడుతుంది, పక్కకు పడి కాళ్లు కొట్టుకుంటుంది, వెనుక కాళ్లు చాచి బిగుసుకుంటుంది, చాలాసార్లు ఊపిరి ఆగిపోతుంది. వెంటనే గాలి ఊదితే బతుకుతుంది, లేకపోతే చనిపోతుంది. వయసు పెరిగేకొద్దీ ఈ గుణం బాగా తగ్గిపోతుంది. మామూలుగా శబ్దానికి మూర్ఛ రాని జాతుల చిట్టెలుకలకు కూడా పసితనంలో ఒకసారి పెద్ద శబ్దం వినిపించి వదిలేస్తే, తర్వాతి రోజుల్లో రెండోసారి అదే శబ్దానికి మూర్ఛ వస్తుంది. చెవి నుంచి వచ్చే సంకేతం కొంత తగ్గిపోయినప్పుడు, దాన్ని సరిదిద్దుకోవడానికి ఇన్ఫీరియర్ కాలిక్యులస్ తన నిరోధాన్ని సడలించుకుంటుంది, ఆ సడలింపే కొంప ముంచుతుంది. మీ జంతుశాలలో ఉతికే యంత్రమో లోహపు పంజరాలు విసిరే పనివారో ఉంటే ఇది మీకు పుస్తకాల్లో మాటగా మిగలదు.

ఇప్పటిదాకా చెప్పినవి నిర్దిష్ట దారులు. వీటన్నిటి మీదా పరుచుకుని ఉండే వ్యవస్థల్లో నోరెడ్రినలిన్ ముఖ్యమైనది. లోకస్ సెరూలియస్ అనే అతిచిన్న కేంద్రకం నుంచి బయలుదేరిన తంతువులు దాదాపు మెదడంతటా వ్యాపిస్తాయి. వాటిని 6-హైడ్రాక్సీడోపమిన్ వంటి విషంతో నాశనం చేస్తే ఎలుకకు దానంతటది మూర్ఛ రాదు, కానీ కిండ్లింగ్ చాలా తొందరగా పూర్తవుతుంది. డోపమిన్‌ను నోరెడ్రినలిన్‌గా మార్చే ఎంజైము జన్యువును తీసేసిన చిట్టెలుకలకు ఫ్లూరోథిల్, పిటిజెడ్, మూర్ఛ తెప్పించే మరో రసాయనం కైనేట్, శబ్దం, అన్నిటికీ మూర్ఛ తేలికగా వస్తుందని 1999లో తేలింది. శబ్దానికి మూర్ఛ వచ్చేలా వంశపారంపర్యంగా పెంచిన జిఇపిఆర్ ఎలుకల్లో పుట్టుకతోనే ఈ వ్యవస్థ బలహీనంగా ఉంటుంది. మనుషుల్లో మూర్ఛకు వాడే వేగస్ నాడీ ప్రేరణ కూడా ఎలుకల్లో లోకస్ సెరూలియస్‌ను దెబ్బతీస్తే తన ప్రభావాన్ని కోల్పోతుంది. త్రెషోల్డ్‌ను జరపడం, మూర్ఛవ్యాధిని కలిగించడం వేరు అని పైన చెప్పినదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. అడినోసిన్ కూడా ఈ కోవలోదే. మూర్ఛ సమయంలో భారీగా పోగయి, ఎ1 గ్రాహకాల ద్వారా దాన్ని ముగించడానికి తోడ్పడుతుంది, అందుకే దాన్ని అడ్డుకునే థియోఫిలిన్ మోతాదు మించితే మొండి మూర్ఛలు వస్తాయి.

జాతి తేడాల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మీరు వాడే విస్టార్ ఎలుకలు గానీ, మన దగ్గర అందరూ వాడే స్విస్ ఆల్బినో చిట్టెలుకలు గానీ శుద్ధ వంశాలు కావు. ఒకే పేరుతో రెండు సరఫరాదారుల దగ్గర ఉన్నవి జన్యుపరంగా ఒకటి కాకపోవచ్చు. డిబిఎ/2, సి57బిఎల్/6 అనే రెండు శుద్ధ వంశాల మధ్య మూర్ఛ త్రెషోల్డ్ తేడాలో కొంత భాగం ఒకటో క్రోమోజోములో ఒక ప్రాంతానికి చేరింది. అక్కడ ప్రధాన అనుమానితుడు కెసిఎన్‌జె10. ఇది న్యూరాన్ల జన్యువు కాదు, బయట పేరుకున్న పొటాషియంను పీల్చుకునే ఆస్ట్రోసైట్ల చానెల్‌ది. ఇంకొక హెచ్చరిక: సి57బిఎల్/6 చిట్టెలుకకు కైనేట్ ఒంట్లోకి ఇస్తే తీవ్రమైన మూర్ఛ వస్తుంది, కానీ హిప్పోక్యాంపస్‌లో న్యూరాన్లు చాలావరకు బతికే ఉంటాయి, ఎఫ్‌విబి/ఎన్ జాతిలో అవి చనిపోతాయి. మూర్ఛ తీవ్రత చూసి కణనష్టాన్ని ఊహించకూడదు.

మీ బ్యాచ్‌లో ఆడ ఎలుకలు కూడా ఉన్నాయని రాశారు. ప్రొజెస్టరాన్ నుంచి మెదడులో తయారయ్యే అల్లోప్రెగ్ననొలోన్ గాబా-ఎ గ్రాహకం పనిని బలపరుస్తుంది. అది ఎక్కువగా ఉన్న రోజుల్లో త్రెషోల్డ్ పెరుగుతుంది, హఠాత్తుగా పడిపోయినప్పుడు తగ్గుతుంది. స్త్రీలలో నెలసరి సమయంలో మూర్ఛలు పెరగడానికి నమూనాగా, ఆడ ఎలుకల్లో ఈ పతనాన్ని ఫినాస్టరైడ్‌తో కృత్రిమంగా కలిగించి చూపినవారిలో డి. సాంబరెడ్డి, మైకేల్ రొగావ్‌స్కీ ఉన్నారు. వీళ్లిద్దరే మరో విషయం కూడా 2002లో చూపించారు. ఎలుకను కాసేపు ఈత కొట్టించి ఒత్తిడికి గురిచేస్తే, ఎడ్రినల్ గ్రంథి నుంచి వచ్చే డీఆక్సీకార్టికోస్టెరాన్ మెదడులో ఇలాంటి స్టెరాయిడ్‌గానే మారి త్రెషోల్డ్‌ను పెంచుతుంది. కంగారు పడిన ఎలుకకే ముందు మూర్ఛ వస్తుందని మనం అనుకుంటాం, కానీ ఆ కొద్ది నిమిషాల ఒత్తిడి దాన్ని కాపాడుతుంది. చేతికి అలవాటు చేయని ఎలుకలను పంజరంలోంచి ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుని ఇంజెక్షన్ ఇస్తే, చివర పట్టుకున్నదాని రక్తంలో ఉన్న హార్మోన్లు మొదటిదాని రక్తంలో ఉన్నవి కావు.

మూర్ఛలన్నీ ఒకటే అనుకుని గాబాను సర్వరోగ నివారిణిగా రాయవద్దనడానికి ఆబ్సెన్స్ మూర్ఛలు చాలు. స్ట్రాస్‌బర్గ్‌లో పెంచిన గేర్స్ ఎలుకలకు మూర్ఛ వచ్చినప్పుడు అవి పడిపోవు. కొన్ని సెకన్లు కదలకుండా నిలబడి మీసాలు మాత్రం సన్నగా ఆడిస్తాయి, ఆ సమయంలో ఇఇజిలో, అంటే మెదడు విద్యుత్ తరంగాల నమోదులో, సెకనుకు 7 నుంచి 11 చొప్పున పొడుచుకొచ్చే తరంగాలు కనిపిస్తాయి. మెదడంతటా గాబాను పెంచే విగాబాట్రిన్, టియాగబిన్ వీటిని పెంచుతాయి, ఎందుకంటే థాలమస్ న్యూరాన్ గట్టిగా అణగినప్పుడే దాని టి-రకం కాల్షియం చానెళ్లు సిద్ధమై తిరిగి ఒక్కసారిగా పేలుతాయి. కానీ గాబాను నైగ్రాకే పరిమితం చేసి పెంచితే ఈ మూర్ఛలు కూడా తగ్గుతాయని ఆంట్వాన్ దెపోలీ బృందం చూపించింది. ఆ దారినే పట్టుకుని, 1998లో వెర్‌క్యుయ్ తదితరులు గేర్స్ ఎలుకల్లో, నైగ్రాను ఉత్తేజపరిచే సబ్‌థాలమిక్ కేంద్రకానికి వేగమైన విద్యుత్ ప్రేరణ ఇచ్చి మూర్ఛలను ఆపారు. నైగ్రా సంబంధం లేకుండా మరో దారిలో, థాలమస్ ముందు కేంద్రకానికి వెళ్లే మమిల్లోథాలమిక్ తంతువులను తెంచిన గినీపిగ్‌లకు పిటిజెడ్ మూర్ఛ రావడం లేదని మిర్‌స్కీ, ఫెరెండెల్లీ 1984లో కనుగొన్నారు. మనుషుల్లో థాలమస్ ముందు కేంద్రకానికి ఎలక్ట్రోడ్లు అమర్చిన సాంటె పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి, 2018లో అమెరికాలో ఆ చికిత్సకు అనుమతి లభించింది. మీరు రోజూ వాడే పిటిజెడ్ మీద చేసిన గినీపిగ్ ప్రయోగానికీ ఆసుపత్రి గదికీ మధ్య ఒక తరం గడిచింది.

మన ప్రాంతానికి దగ్గరగా ఉన్న ఉదాహరణ వేడినీళ్ల మూర్ఛ. తల మీద వేడినీళ్లు పోసుకున్నప్పుడు వచ్చే ఈ మూర్ఛ దక్షిణ భారతంలోనే ఎక్కువగా నమోదైంది. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో పి. సతీశ్చంద్ర, ఆయన సహచరులు ఎలుకల తల మీద వేడినీళ్లు పోసి ఇలాంటి మూర్ఛను తెప్పించి, పదే పదే చేస్తే త్రెషోల్డ్ పడిపోతుందని చూపించారు. మీరు ఈ రంగంలో కొనసాగాలనుకుంటే, ఖరీదైన విదేశీ జాతులు దొరక్కపోయినా ఇక్కడే చేయదగ్గ పని ఇది.

మీ ప్రయోగాన్ని మళ్లీ చేసేటప్పుడు ఏం మార్చాలో కూడా చెబుతాను. ఆడ, మగ ఎలుకలను ఒకే సగటులో కలపవద్దు. ఆడవాటిని వాడితే యోని స్రావపు స్మియర్ చూసి ఈస్ట్రస్ దశను రాసుకోండి. వయసును బరువుతో ఊహించకుండా పుట్టిన తేదీతో రాయండి. పరీక్షకు ముందు వారం రోజులైనా ఎలుకలను చేతికి అలవాటు చేసి, రోజూ ఒకే సమయంలో చేయండి, పట్టుకునే క్రమాన్ని లాటరీ వేసి నిర్ణయించండి. మీ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే, ఒకే మోతాదు ఇచ్చి వచ్చిందా రాలేదా అని చూడటం మాని, తోక సిరలోకి పిటిజెడ్‌ను నెమ్మదిగా ఎక్కిస్తూ మొదటి ఉలికిపాటుకు, ముందు కాళ్ల మూర్ఛకు, బిగుసుకుపోవడానికి ఒక్కొక్కదానికి ఎంత మందు పట్టిందో లెక్కించండి. తక్కువ జంతువులతోనే స్పష్టమైన సంఖ్య వస్తుంది.

మసిమాల్‌ను నైగ్రాలో పెట్టే ఆలోచన నిజంగా ఉంటే, ఎలుకలో ముందు భాగానికీ వెనుక భాగానికీ మధ్య దూరం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ మాత్రమేనని గుర్తుంచుకోండి. ఒక మైక్రోలీటరు ద్రవం పెడితే అది రెండింటికీ పాకి, వ్యతిరేక ఫలితాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, మీరు ‘ప్రభావం లేదు’ అని రాస్తారు. ఒక్కో వైపుకు పావు మైక్రోలీటరుకు మించకుండా, నెమ్మదిగా ఎక్కించి, గొట్టాన్ని ఒకటి రెండు నిమిషాలు అక్కడే ఉంచి తీయండి. చివరలో మెదడును ముక్కలుగా కోసి, కాన్యులా (మందు ఎక్కించిన సన్నని గొట్టం) కొస ఎక్కడ పడిందో ప్రతి ఎలుకకూ విడిగా బొమ్మ మీద గుర్తించండి. గురి తప్పిన ఎలుకలను పారేయకుండా వేరే గుంపుగా ఉంచండి. నైగ్రాకు కాస్త పైన పడినవాటిలో ఏమీ జరగకపోతే, మీ ఫలితం నైగ్రాదేనని చెప్పడానికి మీ చేతిలో ఉండే అత్యంత బలమైన సాక్ష్యం అవే.